ఐదో మాట

మేడం పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. సూర్యాపేట బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో ఆమె ఫోటో పెట్టి, కింద ఎవరో పుణ్యాత్ములు రాశారు: "మృదుభాషిణి, శాంతమూర్తి, అజాతశత్రువు అయిన మన హిస్టరీ మేడం ఇక లేరు." చదవగానే ఏడుపు రావాలి కదా? నాకు ఒళ్లు మండింది. పక్కన నిలబడ్డ పెద్దమ్మ నా ముఖం చూసి, "ఏమైంది బిడ్డా, గట్లయినవ్?" అని అడిగింది.

"మా మేడం సచ్చిపోయింది పెద్దమ్మా."

"అయ్యో పాపం!"

"సచ్చిపోతే పోయింది గానీ, ఆమెను మెత్తటి మనిషని రాసిన్రు సూడు!" అన్నాను.

పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, సంచి తీసుకుని అవతలి బెంచీకి వెళ్లిపోయింది.

మృదుభాషిణి అట! కోదాడ కాలేజీలో మేడం పై అంతస్తులో పాఠం మొదలుపెడితే కింద సైకిళ్ల షెడ్డులో ఉన్నవాళ్లు కూడా నోట్సు రాసుకునేవాళ్లు. అజాతశత్రువట! ప్రిన్సిపాల్‌తో పడేది కాదు, ఆఫీసు క్లర్కుతో పడేది కాదు, హుజూర్‌నగర్ రూటు కండక్టర్లయితే ఆమె గొడుగు చూసి విజిల్ ముందే ఊదేవాళ్లు. మనుషులు చనిపోగానే వాళ్ల గరుకంతా గీకేసి, సున్నం కొట్టి గోడకు తగిలిస్తాం. నేను ఒప్పుకోను. ఇది రాస్తున్నది అందుకే. మేడం ఉంటే ఆ మెసేజ్ పెట్టినవాణ్ని పట్టుకుని, "ఎవరు జెప్పిన్రురా నీకు?" అని అడిగేవారు.

ఆ ప్రశ్న ఆమె ఊతపదం. వర్షాలు ఈసారి బాగా పడతాయట మేడం అంటే, "ఎవరు జెప్పిన్రు?" ఆడపిల్లలు పొద్దు గూకాక బస్టాండులో ఉండకూడదట మేడం అంటే, "ఎవరు జెప్పిన్రు?" మేడం మీరు చాలా గొప్పవారు అన్నా అదే ప్రశ్న. మనిషి పొట్టి. నూలు చీర, గాజులకు వరసగా పిన్నీసులు, చంకలో మగవాళ్ల నల్ల గొడుగు. తన జోకుకు తానే ముందు నవ్వేవారు. ఎదుటివాళ్లు సగం చెప్పేసరికి అర్థమైందని అడ్డుపడేవారు, చాలాసార్లు తప్పుగా అర్థం చేసుకునేవారు. ఒకసారి కోపం వస్తే అది ఏళ్ల తరబడి నిలవ పచ్చడిలా ఉండేది. ఈ చెడ్డగుణాలేవీ నేను తీసెయ్యను. అవి తీసేస్తే మేడం మిగలరు.

బీఏలో మాకు యూరప్ చరిత్ర ఉండేది. మధ్యయుగాల చివరి నుంచి ఆధునిక యుగం మొదలయ్యేదాకా. కోదాడ చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చిన మాకు యూరప్ ఎక్కడుందో తెలియదు, తెలుసుకోవాలని కోరికా లేదు. "మత సంస్కరణోద్యమం: కారణాలు, ఫలితాలు" అన్న పాఠం మొదటి పేజీ ఓ అమ్మాయి పైకి చదువుతుంటే సగం క్లాసు ఆవులించింది. మేడం చేయెత్తి ఆపి, పుస్తకం మూసేశారు.

"ఇనున్రి. రోమ్‌ల పెద్ద గుడి కడుతున్నరు. పైసలు సాల్తలేవు. ఏం జేసిన్రు? పాపాలకు చిట్టీలు అమ్మిన్రు. చిట్టీ కొనుక్కుంటె నీ పాపం మాఫీ. సచ్చిపోయిన మీ తాత పేరు మీద గూడ కొనొచ్చు. నువ్వు గీడ పైసలు కట్టుడు, మీ తాత గాడ మంటల్లకెళ్లి ఎగిరి అవతల వడుడు!"

క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "మేడం, మీరు క్రిస్టియన్స్ గదా. మీ మతం తప్పులు మీరే జెప్తరా?"

"నా ఇంట్ల చెత్త నేనే ఊడుస్తరా. నువ్వొచ్చి ఊడుస్తనంటె ఊకుంటనా? నువ్వు పోయి మీ ఇల్లు ఊడ్సుకో," అన్నారు మేడం. వాడు కూర్చున్నాడు. ఆ తర్వాత వాడే ఆమె పాఠానికి అందరికంటే ముందు వచ్చేవాడు.

ఆ రోజే బోర్డు మీద 'ప్రొటెస్టెంట్లు' అని రాసి, దాని ఎదురుగా 'ఎదురు చెప్పినవాళ్లు' అని రాశారు. పుస్తకంలో నిరసనవాదులు అని ఉంది మేడం అన్నాం. "నిరసన నాకెరికె లేదు. ఎదురు జెప్పుడు ఎరికే. మీ ఇంట్ల మీ అమ్మ ఎన్నడన్న నిరసన జెయ్యకే అన్నదా? ఎదురు జెప్పకే అంటది. గదే మాట గిది. రాసుకోన్రి."

నేను రాసుకోలేదు. పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె, గొర్రెలు కాచే ఇల్లు. ఎండాకాలం నాన్న మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోతే ఇంట్లో ఆడవాళ్లమే ఉండేవాళ్లం. నన్ను మా నానమ్మ ఎదురునోటిది అని పిలిచేది. వచ్చినవాళ్లకు కూడా అలాగే పరిచయం చేసేది. అది నా జబ్బనీ, పెళ్లయితే కుదురుతుందనీ మా ఇంట్లో అందరి నమ్మకం. అలాంటిది, ఎదురు చెప్పడమే పనిగా పెట్టుకుని దేశదేశాలు తిరగేసినవాళ్లు ఉన్నారని, వాళ్ల మీద పరీక్షలో ప్రశ్న కూడా వస్తుందని ఆ రోజు తెలిసింది. ఆ సంతోషం ఎలా ఉంటుందో చెప్పడం నాకు రాదు. సాయంత్రం హాస్టల్లో ఉప్మా బాగాలేదని వార్డెన్‌కు ఎదురు చెప్పి తిట్లు తిన్నాను.

మేడం చెప్పే యూరప్ మా జిల్లాలోనే ఎక్కడో ఉన్నట్టుండేది. అచ్చు యంత్రం గురించి చెప్పాలంటే బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు వచ్చేది. "గా జిరాక్స్ లేకుంటె మీరు పాసయితరా? గట్లనే అచ్చు మిషిను లేకుంటె, చిట్టీలకు ఎదురు జెప్పిన గా జర్మనీ సన్యాసి మాట ఊరు దాటకపోవు." మఠాల్లో మగ్గుతున్న కన్యలు చేపల పీపాలు మోసే బండిలో దాక్కుని పారిపోయారన్న కథ ఆమెకు చాలా ఇష్టం. ఏటా చెప్పేవారని సీనియర్లు చెప్పారు. ఒకసారి ఓ తుంటరి పిల్ల, "మేడం, మీ సార్ ఏం జేస్తరు?" అని అడిగింది. మేడం పిన్నీసు సర్దుకుని, "నేను గూడ పీపాల బండెక్కే వచ్చిన," అన్నారు. అంతే. ఇంకెవరూ అడగలేదు.

మంత్రగత్తెలని చెప్పి ఆడవాళ్లను చంపిన పాఠం రోజు మాత్రం నవ్వులుండేవి కావు. "మందులు తెలిసిన ముసలోళ్లు, దిక్కు లేనోళ్లు, నోరున్నోళ్లు. గీళ్లనే వట్టుకపోయిన్రు. మీ ఊర్లల్ల చేతబడి జేసిందని ఎవరిని కొట్టిన్రో యాది జేసుకోన్రి. కలెక్టరు పెండ్లాన్ని కొట్టిన్రా?" అనేవారు. రైతుల తిరుగుబాటు పాఠంలో ఆమెకు ఎప్పుడూ కోపమే. అందరూ సమానమని ఆ సన్యాసి మాట నమ్మి రైతులు లేస్తే, ఆయన దొరల పక్షం చేరి వాళ్లను నరికెయ్యమన్నాడు. "సూసిన్రా? తనకు నోరు గావాలె, ఎదుటోనికి వద్దు!" అంటూ సుద్దముక్క కిటికీలోంచి విసిరేసేవారు.

ఇక అన్నిటికంటే ఆమెకు ప్రాణమైనది భాష సంగతి. దేవుడితో మాట్లాడాలంటే లాటిన్ రావాలి. లాటిన్ అయ్యవార్లకే వస్తుంది. పొలం దున్నేవాడు గుడికి పోయి అర్థం కాని మాటకు ఆమెన్ అని ఇంటికొస్తాడు. ఆ జర్మనీ మనిషి ఏం చేశాడంటే, ఇంట్లో తల్లులు పిల్లలతో ఎలా మాట్లాడతారో, అంగట్లో బేరం ఎలా చేస్తారో చెవిపెట్టి విని, బైబిల్ వాక్యాన్ని ఆ మాటల్లో రాశాడు. ఇంగ్లండు మనిషి ఇంకొకాయన అదే పని చేస్తే గొంతు బిగించి, శవాన్ని తగలబెట్టారు. "ఏం తప్పు జేసిండు? నాగలి వట్టినోని నోట్లె దేవుని మాట వెట్టిండు. గదే తప్పు," అని చెప్పి మేడం మా అందరి వంకా చూసేవారు. "పరీక్షల వాళ్ల తెలుగు రాయిన్రి, మార్కులు ఇడ్సుకోకున్రి. ఆలోచన మాత్రం మీ తెలుగుల్నే జెయ్యిన్రి."

ఇదంతా పాఠమనే అనుకున్నాం. మేడం ఇంట్లో జరుగుతున్న సంగతి అప్పటికి మాకు తెలియదు.

మేడం వాళ్లమ్మను మేమందరం అవ్వ అనేవాళ్లం. ఆమెది మాడుగులపల్లి దగ్గర పల్లె. నాట్లు వేసి, కలుపు తీసి, కోతలకు పోయి కూతుర్ని చదివించింది. చేతకాని వయసు వచ్చాక మేడం ఆమెను కోదాడ తెచ్చుకున్నారు. ఆదివారం మధ్యాహ్నాలు నేను హాస్టల్ తిండి తప్పించుకుని వాళ్లింటికి పోయేదాన్ని. మొదటిసారి పోయినప్పుడు మేడం అన్నం వడ్డిస్తుంటే లోపలి గదిలోంచి అవ్వ గొంతు వినిపించింది.

"గీడ రా. జర కూసో. పొద్దుగాల సంది నీ కోసమే సూస్తున్న. నా మోకాళ్ల సంగతి తర్వాత జెప్త గానీ, ముందుగాల నా బిడ్డ దిక్కు సూడు. దానికి కోపం శానెక్కువ. ప్రిన్సిపాల్‌తోని మళ్ల లొల్లి వెట్టుకున్నదంట. తప్పు ఆయనదే. అయినా గానీ జర సూడు."

ఎవరో చుట్టం వచ్చాడనుకుని నేను కంచం పట్టుకుని లేచాను, పెద్దవాళ్లు తినకముందే తింటున్నానేమోనని. తొంగి చూస్తే గదిలో ఎవరూ లేరు. అవ్వ గోడకానుకుని కూర్చుని, కళ్లు మూసుకుని, చేతులు తిప్పుతూ మాట్లాడుతోంది. మేడం నవ్వి, "కూసో. గాయన మా ఇంటికి రోజొస్తడు," అన్నారు.

నాకు ఆ దేవుడు చాలా నచ్చాడు. మా ఇంట్లో దేవుడి ముందు మేము చేతులు కట్టుకుని నిలబడతాం. ఇలా రమ్మని, కూర్చోమని, కూతురి మీద చాడీలు చెప్పుకోవడం నేనెక్కడా చూడలేదు.

కొన్నాళ్లకు మళ్లీ వెళ్తే ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అవ్వ గోడకానుకునే కూర్చుంది, కళ్లు మూసుకునే ఉంది, పెదాలు మాత్రం కదులుతున్నాయి. "అవ్వకు గొంతు పోయిందా మేడం?" అని అడిగాను. మేడం కూర గరిటె పొయ్యి గట్టు మీద కొట్టి పెట్టారు.

జరిగింది ఇది. వాళ్ల చర్చిలో ఆదివారం ఎవరికి తోచిన ప్రార్థన వాళ్లు పైకి చెయ్యొచ్చు. కోదాడ కాబట్టి అటు ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ టీచర్లూ ఆఫీసర్లూ ఎక్కువ. వాళ్ల ప్రార్థన పుస్తకం చదివినట్టుంటుంది. ఆ మధ్యలో అవ్వ లేచి, "గీడ రా దేవా, జర సూడు," అంది. పిల్లలు నవ్వారు. ఎవరో దగ్గారు. అయిపోయాక సంఘ పెద్ద అవ్వ దగ్గరికి వచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. రిటైరైన ఇంజినీరు, ఎవరికి బాగాలేకపోయినా తన కారులో దవాఖానకు తీసుకుపోయే మనిషి. మెల్లగా, మర్యాదగా చెప్పారట.

"అమ్మా, ఏమీ అనుకోకండి. కలెక్టర్‌గారి దగ్గరికి వెళ్తే ఎలా మాట్లాడతాం? పద్ధతిగా మాట్లాడతాం కదండీ. మరి దేవుడి దగ్గర 'గీడ రా, కూసో' అంటే ఎలాగండి? మీకు రాకపోతే మనసులో చేసుకోండి. ఆయన మనసులోది కూడా వింటాడు."

అవ్వ సిగ్గుపడిపోయింది. ఆ తర్వాతి ఆదివారం నోరు తెరవలేదు. చివరికి ఇంట్లో కూడా తెరవడం మానేసింది. తన మాటే తప్పయినప్పుడు అది ఇంట్లో మాత్రం ఒప్పెలా అవుతుందని అనుకుంది కాబోలు.

"మా అమ్మ నోరు మూసిన్రే!" అన్నారు మేడం. "దొరలతోని గాలే. ఎండలతోని గాలే. మా నాయిన తాగొచ్చి కొడితె గాలే. గీళ్లతోనైంది. అది గూడ మర్యాదగ! మళ్ల గా చర్చిల్నే, గా మంది ముంగట్నే మా అమ్మ నోరు తెరవాలె. గంతవరకు నేనూకోను."

మేడం చర్చి కమిటీకి పోయారు. ఏం జరిగిందో మాకు తర్వాత అందరి పాత్రలూ తానే వేసి చూపించారు. "సార్, కలెక్టరు మా అమ్మను పుట్టియ్యలే. పుట్టిచ్చినోనితోని ఎట్ల మాట్లాడాల్నో మా అమ్మకు ఎరికే," అన్నారట. అక్కడితో ఆగితే ఆమె మేడం ఎందుకవుతారు? "మనది ఎదురు జెప్పినోళ్ల సంఘం సార్. మన పెద్దలు లాటిన్ మీద కొట్లాడి, కాలిపొయ్యి, గీ సంఘం వెట్టిన్రు. మీరు మళ్ల కొత్త లాటిన్ తయారు జేస్తున్నరు!" అన్నారట. ఆ మాటకు కమిటీలో గోల లేచింది. సంఘ పెద్దాయన మాత్రం గొంతు పెంచలేదు. "సంఘానికి క్రమం ఉంటుందమ్మా. క్రమం తప్పితే సభ్యత్వం గురించి ఆలోచించాల్సి వస్తుంది. మీ అమ్మగారు పెద్దవారు. రేపు సమాధుల తోటలో స్థలం దగ్గర ఇబ్బంది పడేది మీరే," అన్నారు.

ఆ కబురు అవ్వకు చేరింది. "నాకు బొందకు జాగ లేకుండ జేస్తవా బిడ్డా? బతికినన్నాళ్లు ఒకల జాగల ఉంటిమి. సచ్చినంకన్న నా జాగ నాకొద్దా? నేను నోరు దెరవ. నువ్వు గూడ ఊకో," అని మొత్తుకుంది. మేడం ఊరుకోలేదు. ఆ పట్టుదల మంచిదా అంటే నేను చెప్పలేను. ముసలామెను అలా భయపెట్టి సాధించేదేముందని నాకూ అనిపించింది. పైకి అన్నాను కూడా. "నువ్వు నాకు ఎదురు జెప్తున్నవా?" అన్నారు మేడం. "మీరే నేర్పిన్రు," అన్నాను. ఓ నిమిషం నన్ను మింగేసేలా చూసి, పచ్చడి జాడీ నా ముందుకు తోశారు.

ఇంతలో శుభ శుక్రవారం వచ్చింది. ఆ రోజు వాళ్ల చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. యేసు సిలువ మీద పలికిన మాటలు ఏడు. ఒక్కో మాట మీద ఒక్కొక్కరు ప్రసంగం చేస్తారు. మిట్టమధ్యాహ్నం మొదలై మూడింటి దాకా సాగుతుంది. అప్పటిదాకా చాలామంది పచ్చి మంచినీళ్లు ముట్టరు. ఏడుగురూ ఎప్పుడూ మగవాళ్లే. ఆ ఏడాది, లెక్చరరమ్మకు ఒక మాట ఇస్తే శాంతిస్తుందని కమిటీ అనుకుంది. ఐదో మాట ఇచ్చారు. అది దాహం గురించి. అన్నిటికంటే పొట్టిది, తొందరగా అయిపోతుందని ఇచ్చి ఉంటారు. మేడం "సంతోషం సార్," అని తీసుకున్నారట. ఆమె నోటి వెంట సంతోషం సార్ అన్న మాట వచ్చినప్పుడే వాళ్లు కంగారు పడాల్సింది.

నన్ను పొద్దున్నే రమ్మన్నారు. అవ్వను పట్టుకుని కూర్చోవడానికి మనిషి కావాలన్నారు. ఇంటికి వెళ్లేసరికి అవ్వ తెల్లచీర కట్టుకుని, మంచం మీద నుంచి లేవనంటోంది. "నాకేం రాదు. నన్ను నిలవెట్టకు. నా జాగ వోతది," అంటోంది. మేడం ఆమె కాళ్ల దగ్గర కింద కూర్చుని, చెప్పులు తొడుగుతూ, "బొంద సంగతి నేను జూసుకుంట. నువ్వు నోటి సంగతి జూసుకో," అన్నారు. ఆ తర్వాత మెల్లగా, "నీకు రాకుంటె రావొద్దు. నేనైతె పిలుస్త. రాకుంటె గట్లనే నిలవడి దిగొస్త. నిన్నేమనను," అన్నారు.

చర్చి నిండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నా వేడిగాలే. ఆడవాళ్ల వైపు చాపల మీద అవ్వ పక్కన కూర్చున్నాను. నా నుదుటి బొట్టు చూసి ఇద్దరు ముగ్గురు గుసగుసలాడారు. కూర్చోనిచ్చారు, అది చాలు. నాలుగు మాటలూ అయ్యేసరికి చిన్నపిల్లలు తల్లుల ఒళ్లలో వడలిపోయారు. పెద్దాయన లేచి, "ఐదో మాట," అని మేడం పేరు పిలిచారు.

మేడం వెళ్లి మైకు చేతిలోకి తీసుకున్నారు. "గీ మాట మీద మాట్లాడెతందుకు నాకు హక్కు లేదు. నేను ఫ్యాను కింద పాఠం జెప్పి బతికిన. హక్కున్నామెను పిలుస్తున్న. అమ్మా, రా."

చర్చంతా మా వైపు తిరిగింది. అవ్వ తలెత్తలేదు. నా చెయ్యి పట్టుకుంది, ఆ పట్టు ఇప్పటికీ నాకు తెలుస్తోంది. పెద్దాయన ముందుకు వంగి, "మీరే చెప్పండమ్మా, సమయం అవుతోంది," అన్నారు. కింద సైకిళ్ల షెడ్డు దాకా వినిపించే ఆ మనిషి, మైకు పట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డారు. ఇగ ఓడిపోయినట్టే అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అవ్వ నా భుజం మీద చెయ్యి వేసి, మోకాళ్లు కరకరలాడుతుండగా లేచింది. చాపల మధ్య నుంచి, ముడుచుకున్న కాళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ పోయింది. మైకు పట్టుకోవడం ఆమెకు రాదు. కూతురే ఆమె నోటి ముందు పట్టుకుంది.

"నాకు సదువు రాదు," అంది అవ్వ. మైకులో తన గొంతు తనకే వినబడి ఒకసారి ఉలిక్కిపడింది. "దాంట్ల దప్పి అని ఉన్నదంట. దప్పి నాకెరికె లేదు. నాకు దూప ఎరికే."

మగవాళ్ల వైపు ఎవరో గొంతు సవరించుకున్నారు. అవ్వ వినలేదు.

"నాట్లేసేటప్పుడు మోకాళ్ల దాక నీళ్లల్ల నిలవడ్తం. సుట్టూత నీళ్లే. తాగరావు. మందు గొట్టిన నీళ్లాయె. దూపకు నాలిక పిడచగట్టక వోయేది. దొర గడీ ముంగటికి పొయ్యి నిలవడితె దొరసాని ఎప్పుడో ఒకప్పుడు బయటికొచ్చేది. అమ్మా దూపైతుంది అని అడగరాదు. గట్ల నిలవడాలె. ఆమెకు బుద్ధయితె దోసిలిల మీదికెళ్లి పోసేది. సగం మోచేతుల పొంట కారిపోయేది. ఇంకిన్ని పొయ్యమని గూడ అడగరాదు. మా అమ్మ గట్లనే తాగింది, నేను గట్లనే తాగిన."

ఆగింది. ఎవరూ దగ్గలేదు. నా పక్కన కూర్చున్న కూలి ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఈయన దేవుని కొడుకు. ఈయనకేం తక్కువ? మేకులు గొట్టిన్రు, నెత్తురు కారుతుంది, సంపేటోళ్లు ముంగట్నే ఉన్నరు. గాళ్లనే అడిగిండు. దూపైతుందయ్యా అన్నడు. సిగ్గువడలే. మంచి మాటలేవో ఏరుకోలే. దూపైనోనికి ఏరుకునే తీరికెక్కడుంటది? అడిగేటోడే దేవుడైతె, అడుగుడు తప్పెట్లయితది సారూ?"

చాపల మీద నుంచి ఎవరో ఆడమనిషి "ఆమెన్" అంది. తర్వాత ఇంకొకామె. తర్వాత ఎవరెవరో నాకు గుర్తులేదు. నేనూ అన్నాను, నాకేం హక్కుందని అన్నానో తెలియదు. మేడం కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో తల్లి నడుము పట్టుకుని ఉన్నారు కాబట్టి తుడుచుకోలేదు.

తర్వాత కమిటీలో పెద్ద గొడవే జరిగిందట. పేర్లు కొట్టెయ్యాలని కొందరు, కొట్టేస్తే మేమూ రామని చాపల మీది ఆడవాళ్లు. కొట్టెయ్యలేదు. అవ్వకు బొందకు జాగ దొరికింది, మొన్న మేడంనూ ఆ పక్కనే పెట్టారు. ఇవన్నీ సంఘం వాళ్లు ఎవరినడిగినా చెబుతారు. వాళ్లు చెప్పనిది ఇంకొకటి ఉంది.

ఆ మధ్యాహ్నం చర్చిలో ఆమెన్లు సద్దుమణిగాయి. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, చేతిలో పుస్తకంతో లేచి, గొంతులో ఎంత మర్యాద ఉందో అంతా తెచ్చుకుని, "చాలా సంతోషమమ్మా. ఇక ఆరో మాటకు వెళ్దాం," అన్నారు.

అవ్వ మైకు వదల్లేదు. కూతురి చేతితో సహా గట్టిగా పట్టుకుని, ఆయన వైపు తిరిగింది.

"నాదింక కాలే సారూ. కూసో," అంది.

పెద్దాయన ఓసారి మేడం వంక చూశారు. ఓసారి ఆడవాళ్ల చాపల వంక చూశారు. కూర్చున్నారు.